నలభై అంగల మేర

పద్నాలుగు నెలల తర్వాత మా అమ్మ పలికిన మొదటి మాట ఒక చొక్కా గుండీ గురించి.

హైదరాబాదులో మా ప్రయోగశాల కింది అంతస్తులో రాగిరేకు తాపడం చేసిన గది ఒకటుంది. కిటికీల్లేవు. తలుపు బిగిస్తే బయటి రేడియో తరంగం ఏదీ లోపలికి రాదు. ఆ రోజు లోపలికెళ్లే ముందు మా ఫోన్లు, చేతి గడియారాలు, ఆఖరికి నా కారు తాళం కూడా బయట బల్లమీద పెట్టించారు మా డైరెక్టరు డాక్టర్ రుక్సానా. లోపల మేం నలుగురం. అమ్మ, నాన్న, నేను, ఆవిడ. అమ్మకి ఎడమ చెవి పైన గొరిగిన చోట జుట్టు ఇంకా సరిగ్గా మొలవలేదు.

మేడమ్ అమ్మ చేతిమీద చెయ్యివేసి, తోచింది ఏదైనా అనమన్నారు. అమ్మ నోరు తెరిచింది, మూసింది. నా వైపు చూసింది. తర్వాత నాన్న వైపు తిరిగి కాసేపు అలాగే చూసి,

"ఏవండీ, గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నారు" అంది.

నాన్న తల వంచి చూసుకున్నాడు. నిజమే. విప్పి మళ్లీ పెట్టుకోబోయాడుగానీ మళ్లీ తప్పే పడింది. అమ్మే లేచి వెళ్లి పెట్టింది. పెడుతూ అడుగుతూనే ఉంది, రాత్రి నిద్ర పట్టిందా, పొద్దున్న బీపీ బిళ్ల వేసుకున్నారా అని. అన్నిటికీ నాన్న తలాడించాడు. నేను పక్కన తెరమీద అంకెలు చూడాల్సినదాన్ని. చూడలేదు.

అమ్మ పేరు దీవెనమ్మ. కోనసీమలో కొత్తలంక అనే ఊళ్లో ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేసింది. చుట్టుపక్కల లంకల్లో నా ఈడువాళ్లలో సగంమంది ఆమె చేతుల్లో పడ్డవాళ్లే. నాన్న ఆనందరావు లస్కరు, అంటే కాలువ లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించే ఉద్యోగం. ఇద్దరూ రిటైరై ఇంటిపట్టున ఉంటున్న రోజుల్లో, ఒక ఉదయం అమ్మ టీ గ్లాసు చేత్తో పట్టుకుని నాన్నతో ఏదో చెబుతూ మధ్యలో ఆగిపోయింది. పక్షవాతం. కాలు కుదుటపడింది. కుడిచేతి వేళ్లలో పట్టు సగమే వచ్చింది. మాట మాత్రం రానేలేదు. మనం అన్నవన్నీ ఆమెకి అర్థమయ్యేవి. చెప్పాల్సింది లోపల సిద్ధంగా ఉండేది, నోటిదాకా వచ్చేది కాదు. రాయబోయినా అంతే, కలం మొదటి అక్షరం దగ్గరే నిలబడిపోయేది. 'అదీ' అనే ఒక్క మాట మిగిలింది. నీళ్లు కావాలన్నా అదీ, నొప్పి అన్నా అదీ.

మా ప్రయోగశాలలో తయారైన వస్తువుని మేం 'పొర' అనేవాళ్లం. ఉల్లిపొర అంత పల్చన, బొటనవేలి గోరంత వెడల్పు. పుర్రె లోపల, దెబ్బతిన్న చోటుకి ఇవతల దాన్ని అతికిస్తారు. మెదడులో తయారైన మాటని అది పసిగట్టి, దెబ్బతిన్న మేర దాటించి, నోటిని కదిలించే చోటికి చేరుస్తుంది. ఇది నాన్నకి బొమ్మలు గీసి చెబుతుంటే మధ్యలోనే ఆపేశాడు. "గండి పడ్డచోట గట్టు పక్కనుంచి పిల్లకాలువ తవ్వి నీళ్లు దాటిస్తాం చూడు, అదేగా" అన్నాడు. అదే.

మెదడు చేసే చప్పుడు మరీ సన్నం. దాన్ని వినాలంటే పొర చెవులు రిక్కించుకుని ఉండాలి. దగ్గర్లో ఒక్క ఫోను ఉన్నా, గుసగుస వింటున్నవాడి చెవిలో బూర ఊదినట్టే. రాగి గది తలుపు తీయగానే అమ్మ మాట ఠక్కున ఆగింది. 'అదీ' అంది. నాన్న మొహం చూడలేకపోయాను.

ఎంత దూరంలో ఉంటే ఫరవాలేదో తేల్చడానికి ఒక ఆదివారం అందర్నీ ఇంటికి పంపేసి, ప్రయోగశాల వెనక ఖాళీ జాగాలో అమ్మని కుర్చీలో కూర్చోబెట్టాం. నాన్న నా ఫోను పట్టుకుని అంగలు లెక్కపెట్టుకుంటూ దూరంగా నడిచాడు. పది. ఇరవై. ముప్పై. అమ్మ పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. నలభయ్యో అంగ దగ్గర,

"అక్కడాగండి" అంది.

ఊళ్లో టవరు మైలు దూరంలో ఉంటే అడ్డం కాదు. దాని అరుపు మనదాకా వచ్చేసరికి పల్చబడిపోతుంది. మన జేబులో ఉన్నదే చేటు. రాగితీగతో అల్లిన టోపీ పెట్టి చూశాం. గడ్డం కిందనుంచి తరంగాలు దూరిపోయాయి. నలభై అంగల మేర ఫోను లేకుండా చూడటం తప్ప దారి కనబడలేదు.

సంతకాలు పెట్టకముందే మేడమ్ ఇంకో సంగతి చెప్పి ఉన్నారు. పుండుకి చెక్కు కట్టినట్టు, పొర చుట్టూ శరీరం మెల్లగా ఒక కవచం కట్టుకుంటుంది. అది మందమయ్యేకొద్దీ పొరకి వినబడదు. అమ్మకంటే ముందు ఇద్దరికి పెట్టాం. ఒకరికి ఎనిమిది నెలలు పనిచేసింది, ఇంకొకరికి పదకొండు. ఒకసారి పెట్టినచోట మళ్లీ పెట్టలేం. ఆ ఇద్దరూ ప్రయోగశాలకి రోజూ వచ్చి రాగి గదిలో గంటసేపు మాట్లాడి వెళ్లిపోయేవారు. అమ్మని కూడా అలాగే ఉంచాలని మా ప్రణాళిక.

రాగి గదిలో మూడోరోజు అమ్మ ఆ ప్రణాళికని ఒప్పుకోలేదు. ఉన్న నెలలు ఉన్నన్ని, ఇంటికి వెళ్లిపోతానంది. నేను రీడింగుల గురించి మాట్లాడాను. రోజూ కొలవకపోతే పరిశోధన కుంటుపడుతుందన్నాను. మేడమ్ నన్ను ఆపారు.

"పరిశోధన మనది, కరుణా. గొంతు ఆవిడది" అన్నారు.

ఆ నిర్ణయానికి ఆవిడ ఎవరెవరికి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చిందో నాకు చాలాకాలం తర్వాతగానీ తెలియలేదు. నాకు మాత్రం సెలవిచ్చి, అమ్మ మాట ఏ రోజు ఎలా ఉందో చేత్తో రాసి నెలకోసారి పోస్టులో పంపమన్నారు.

మే నెలలో కొత్తలంక చేరాం. మాది లాకుల వీధి. ముందు రోడ్డు, వెనక కాలువ. నలభై అంగల లోపు మాది కాక నాలుగిళ్లు. నాన్న ఒక్కో ఇంటికీ వెళ్లి సంగతి చెప్పాడు. నేను గుమ్మం బయట నిలబడి విన్నాను. ఈ రోజుల్లో మనిషిని ఫోను వదిలెయ్యమని అడగడం అంటే కన్ను తీసి ఇమ్మన్నట్టే. మంగతాయారు భర్త కువైట్‌లో ఉంటాడు, సాయంత్రం ఆరింటికి అతని ముఖం కనబడితేనే ఆమెకి రోజు గడిచినట్టు. పక్కింటి సూరిబాబుకి మూడు రొయ్యల చెరువులు. కరెంటు పోయి చెరువుల్లో నీళ్లకి గాలి అందించే చక్రాలు ఆగితే అతని ఫోను మోగుతుంది. అది వినబడకపోతే తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలిపోతాయి.

సూరిబాబు అంతా విని, కాసేపు గడ్డం గోక్కుని, "మా గోపీగాడు ఎదురుకాళ్లతో వచ్చినప్పుడు నర్సమ్మగారు రెండు రోజులు ఇల్లు కదల్లేదండి. ఆవిడ మాట వినడానికి నాకు ఫోను అడ్డమేంటండీ" అన్నాడు.

వీధి మొదట్లో, నలభై అంగలకి అవతల, టీ కొట్టు ఉంది. కొట్టు యజమాని పాత గోలీసోడా పెట్టె ఒకటి అటకమీదనుంచి దించి కడిగి పెట్టాడు. సీసాలు పెట్టే గదుల్లో ఫోన్లు సరిగ్గా పట్టాయి. వీధిలోకి వచ్చేవాళ్లు అందులో పెట్టి రావడం, వెళ్లేటప్పుడు తీసుకోవడం. మంగతాయారు ఆరింటికి టీ కొట్టు బల్లమీద కూర్చుని భర్తతో మాట్లాడుకునేది. మొదట సిగ్గుపడింది, తర్వాత అలవాటైంది.

నాకు అలవాటు కావడానికే ఎక్కువ రోజులు పట్టింది. తొలి వారం ఖాళీ జేబు తొడమీద అదురుతున్నట్టు అనిపించేది. చెయ్యి దానంతటదే వెళ్లి తడిమేది. టైమెంతో తెలిసేది కాదు, ఎవరేమన్నారో తెలిసేది కాదు. సహోద్యోగులు నెలరోజులు ఉత్తరాలకి జవాబులు రాసి మానేశారు. నేను రాయాల్సిన వ్యాసం ఇంకొకరు పూర్తిచేసి ప్రచురించారు. అది నాకు పోస్టులో వచ్చింది. ఆ రోజు కాలువ గట్టుమీద ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఎందుకని అడగలేదు. ఆ నెల కాలువకి నీళ్లు ముందుగా వదిలారని, చేమదుంపలకి మంచిదని చెప్పుకుంటూ పోయింది. వింటూ ఉండగా నా ఏడుపు ఆగిపోయింది.

అమ్మ మాట్లాడేది మామూలు సంగతులే. కూరలో ఉప్పు, గొడ్డలి పిడి, ఫలానా అమ్మాయికి ఎన్నో నెల. చిన్నప్పుడు ఆ మాటలు నాకు రేడియోలో బరబరలాంటివి. ఇప్పుడు ఒక్కటి జారిపోనిచ్చేదాన్ని కాదు. నాన్న అయితే వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేవాడు, పనేమీ లేకపోయినా. పెళ్లైన ముప్పై ఎనిమిదేళ్లలో అంతసేపు అక్కడ కూర్చోలేదట. అమ్మ విసుక్కునేది. కూర్చునే ఉండేవాడు.

ఒకరోజు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఆ పద్నాలుగు నెలల గురించి చెప్పింది.

"మీరిద్దరూ చెరో పక్కా కూర్చుని ఫోన్లు చూసుకునేవారు" అంది. "కోపం రాలేదే. మీరు మాత్రం ఎంతసేపని నా మొహం చూస్తారు? నాక్కూడా ఒక ఫోనుంటే బాగుండుననుకునేదాన్ని."

ఆ సంగతి నాతో అనడానికి ఆమెకి గొంతు తిరిగొచ్చినందుకు లోలోపల దణ్ణం పెట్టుకున్నాను. అనకుండానే పోయి ఉంటే నాకెప్పటికీ తెలిసేది కాదు.

జూలైలో సూరిబాబు రెండు రోజులు కనబడలేదు. జ్వరమేమో అనుకున్నాం. అతని భార్య ఈశ్వరి చెబితేగానీ తెలియలేదు. కరెంటు పోయినప్పుడు ఫోను సోడాపెట్టెలో మోగి మోగి ఊరుకుందట. ఒక చెరువు రొయ్యలు మొత్తం పోయాయి. మాతో చెప్పొద్దని ఆమె దగ్గర మాట తీసుకున్నాడట. నాన్న వెంటనే వెళ్లి, ఇక ఫోను ఇంట్లోనే ఉంచుకోమన్నాడు. సూరిబాబు వినలేదు. మర్నాటినుంచి చెరువుల దగ్గర కాపలాకి ఒక ముసలాయన్ని పెట్టి, కరెంటు పోతే పళ్లెం వాయించమన్నాడు. గాలి ఇటు వీచినప్పుడు ఆ మోత మాకూ వినబడేది.

ఆగస్టు ఆఖర్లో గోదావరికి వరదొచ్చింది. ఒక మధ్యాహ్నం, వాన కుమ్మరిస్తుండగా, ఈశ్వరి తడుస్తూ పరుగెత్తుకొచ్చింది. కోడలు నాగలతకి ఇంకా మూడు వారాలు గడువుండగానే నొప్పులు మొదలయ్యాయి. కొడుకు గోపి పనిమీద విజయవాడ వెళ్లాడు. నాన్న గొడుగు కూడా తీసుకోకుండా టీ కొట్టుకి వెళ్లి అంబులెన్సుకి ఫోను చేశాడు. రోడ్డుమీద నీళ్లున్నాయి, చుట్టు తిరిగి రావాలి, గంట పైన పడుతుందన్నారు.

అమ్మ వెళ్లి చూసింది. గంట ఆగే కాన్పు కాదని నాకు మెల్లగా చెప్పింది. తన కుడిచెయ్యి ముందుకి చాపి, వేళ్లు ముడిచి చూసుకుంది. పిడికిలి సగంలోనే ఆగిపోయింది.

"చేతులు నీవి. ఏం చెయ్యాలో నేను చెబుతాను" అంది.

నేను సర్క్యూట్లు అతికే మనిషిని. రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. అమ్మ ఆ సంగతి పట్టించుకోలేదు. చేతులు ఎలా కడగాలో, గుడ్డలు ఎంతసేపు మరిగించాలో, ఈశ్వరి ఎక్కడ కూర్చోవాలో అన్నీ ఆమె గొంతే నడిపింది. నాగలత భయపడినప్పుడల్లా ఆ గొంతు మెత్తబడేది, నా చెయ్యి తడబడినప్పుడు గట్టిపడేది. ఆ వీధిలో ఎంతమంది తల్లులు ఆ గొంతు వింటూ బిడ్డల్ని కన్నారో అప్పుడు నాకు అర్థమైంది.

తల బయటికొచ్చింది. బొడ్డుతాడు మెడకి రెండు చుట్లు తిరిగి ఉంది. అమ్మ వంగి చూసి, నాగలతని ముక్కొద్దంది. నాతో, వేలు తాడు కిందికి పోనివ్వమని, ఆ తర్వాత దాన్ని...

అక్కడ ఆగిపోయింది.

"అదీ" అంది అమ్మ. "అదీ... అదీ."

గుమ్మంలో అంబులెన్సు టెక్నీషియన్ నిలబడి ఉన్నాడు. మోకాలిదాకా బురద. బండి రోడ్డు మీదే ఆపి నీళ్లలో నడిచి వచ్చాడు. చొక్కా జేబులో ఫోను వెలుగుతోంది. అతనికి మా వీధి సంగతి ఏం తెలుసు? బిడ్డ మొహం నీలంగా మారుతోంది. నా వేలు తాడు కింద ఉంది, తర్వాత ఏం చెయ్యాలో తెలియదు. అమ్మ కళ్లు నా కళ్లలోకి చూస్తూ చెబుతున్నాయి. కళ్లకి ఆ భాష చాలదు.

టెక్నీషియన్ వస్తుంటే వరండాలో కూర్చున్న సూరిబాబుకి ఆ కంగారులో ఫోను సంగతి తోచలేదు. లోపల జరిగేది అతనికి కనబడదు. అమ్మ గొంతు ఆగడం మాత్రం వినబడింది. అంతే, లోపలికొచ్చి టెక్నీషియన్ జేబులోంచి ఫోను లాగేశాడు. నలభై అంగలు పరిగెత్తే వ్యవధి లేదు, తెలియని ఫోను మీట నొక్కి ఆఫయ్యేదాకా ఆగే వ్యవధీ లేదు. కాలువ పది అంగల్లో ఉంది. పెరటి గుమ్మంలోంచి ఫోను గిరాటేశాడు. నీళ్లలో మునిగిన ఫోను ఏ టవరుతోనూ మాట్లాడలేదు.

"...తలమీదుగా తప్పించు" అంది అమ్మ. "మెల్లగా. ఒకటి వచ్చింది. రెండోది కూడా అలాగే. ఇప్పుడు ముక్కమ్మా, నాగలతా."

టెక్నీషియన్ అప్పటికే చేతికి తొడుగులు వేసుకుని నా పక్కన కూర్చున్నాడు. ఇద్దరం కలిసి బిడ్డని అందుకున్నాం. ఆడపిల్ల. ఏడవడానికి కొంచెం ఆలస్యం చేసింది. అమ్మ చెప్పినట్టు వీపు రుద్దాక అందుకుంది. ఎదిరింట్లో మంగతాయారుకి కూడా వినబడిందట.

తర్వాత సూరిబాబు టెక్నీషియన్‌కి క్షమాపణ చెప్పి, రెండో రోజుకల్లా కొత్త ఫోను కొని పంపాడు. అతను మాత్రం, లోపలికి రాకముందే ఎవరైనా ఒక్క మాట చెబితే తనే విసిరేసేవాణ్ననన్నాడట.

నవంబరులో అమ్మ మాటలో మార్పు కనిపించింది. ముందు అంకెలు పోయాయి. తర్వాత కూరగాయల పేర్లు. తోటకూర అనాల్సినచోట వేళ్లతో చూపించేది. నేను పోస్టులో రాసి పంపిన కాగితాలు చూసి రుక్సానా మేడమ్ తనే వచ్చారు. ఫోను సోడాపెట్టెలో పెట్టి, అమ్మని చూసి, కవచం అనుకున్నదానికంటే త్వరగా మందమవుతోందన్నారు. చెయ్యగలిగింది లేదు. ఆ మాట అనలేక అంటుంటే అమ్మే ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ పూట మేడమ్ మా ఇంట్లోనే చేపల పులుసు తిన్నారు. వెళ్లేటప్పుడు అమ్మ కొంగున కళ్లు తుడుచుకున్నారు. నాలుగో మనిషికి పెట్టబోయే పొర ఇంకొంచెం ఎక్కువకాలం వినేలా చెయ్యడానికి అమ్మ నెలలన్నీ పనికొస్తాయని నాతో చెప్పారు. అదే నిజమైంది.

ఉన్న మాటల్ని అమ్మ వృథా పోనివ్వలేదు. డిసెంబరు పొడుగునా, రోజుకొకరుగా వీధివాళ్లని వరండాలోకి పిలిపించుకుంది. ఒక్కొక్కరితో ఏదో ఒకటి చెప్పింది. మంగతాయారుతో ఏం చెప్పిందో మాకు తెలియదు. ఆమె తిరిగి వెళ్లేటప్పుడు నవ్వుతోంది. సూరిబాబుతో మాత్రం నేనక్కడే ఉండగా చెప్పింది. చెరువు పోయిన సంగతి తనకి తెలుసని, దానికి బదులుగా ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదని, కొన్ని మాటలు దొరక్క, వెతుక్కుంటూ చెప్పింది.

"రొయ్యలు మళ్లీ వేశానండి, ఆయ్" అన్నాడు సూరిబాబు. "మనవరాల్ని ఎక్కణ్నించి తెచ్చుకునేవాణ్నండీ?"

జనవరి ఆఖర్లో ఆ మనవరాలికి అయిదో నెలలో అన్నప్రాశన చేశారు. వీధి మొదట్లో పందిరి వేశారు. బయటి ఊళ్లనుంచి చుట్టాలొచ్చారు, అందరి చేతుల్లోనూ ఫోన్లు. అలాంటి చోట అమ్మకి మాట ఉండదు. అప్పటికి ఉన్నవి కూడా పదో పన్నెండో మాటలు. నేను రాను, మీరు వెళ్లండని చేత్తో చెప్పింది. నాన్నా నేనూ వెళ్లాం. పంక్తిలో సూరిబాబు స్వయంగా నాన్న పక్కన నిలబడి వడ్డించాడు. పులిహోర, గుమ్మడికాయ దప్పళం, రెండుసార్లు పరమాన్నం. వద్దు వద్దంటున్నా వేస్తూనే ఉన్నాడు. నాన్న బెల్టు వదులు చేసుకుని లేచాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ వంటింట్లో ఉంది. నాన్న వచ్చి ఎప్పటిలాగే గుమ్మంలో పీటమీద కూర్చున్నాడు. అమ్మ ఆయన వైపు తిరిగింది. పెదవులు రెండుమూడుసార్లు కదిలాయి. మాట దగ్గరికొచ్చి వెనక్కి పోతున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. మెదడులో మాటని పసిగట్టే పని ఎనిమిదేళ్లుగా చేస్తున్నదాన్ని.

"అన్నం..." అంది అమ్మ. ఆగింది. మళ్లీ ప్రయత్నించింది. "అన్నం పెట్టనా?"

ఆ తర్వాత అమ్మ నోట ఏ మాటా రాలేదు. అదే ఆఖరిదని మాకప్పుడు తెలియదు. నాన్నకి తెలిసిందేమో.

"పెట్టు" అన్నాడు.

అమ్మ కంచం కడిగి తెచ్చింది. నాన్న కాళ్లు మడిచి సరిగ్గా కూర్చుని, వడ్డించిందంతా తిన్నాడు. మజ్జిగ దాకా తిన్నాడు.